పడమటి మూల

బ్యాటరీ ఇంకా చల్లగానే ఉంది. వెంకటరత్నం అరచెయ్యి దానిమీద ఆనించి, ఒళ్ళు వెచ్చబడిందేమో చూసే తల్లిలా కాసేపు ఉంచి, తీసేశాడు. ఛార్జి నిండితే వెచ్చబడుతుంది, ఆ వెచ్చదనం చేతికి తెలిసేదాకా ఆగాలి, తొందరపడితే రేసు మధ్యలో కారు నీరసించి కల్లం నడిబొడ్డున నిలబడిపోతుంది. మిల్లు ట్రాక్టరులోంచి విప్పి తెచ్చిన పెద్ద బ్యాటరీ ఒక పక్క, గుప్పిట్లో ఇమిడే బొమ్మకారు బ్యాటరీ ఇంకో పక్క, రెంటి మధ్యా తీగలో కరెంటు మరీ ఉరికి రాకుండా అడ్డంగా ఒక లారీ ఇండికేటరు బల్బు. గంటసేపు ఆ బల్బు వెలుగుతూనే ఉండాలి. గాజు లోపల వెంట్రుకంత తీగ ఒకటి ఎర్రగా కాలుతూ కనబడాలి. వెంకటరత్నానికి తీగ కనబడటం లేదు. గాజూ కనబడటం లేదు. అక్కడొక ముద్దబంతి పువ్వుంది, దాని రేకులు విడిపోయి ఉన్నాయి, రేకుల చుట్టూ మళ్ళీ పసుప్పచ్చని పొగ. చూడటానికి బాగానే ఉందనుకున్నాడు, అనుకున్నందుకు తనమీద తనకే కోపం వచ్చి మొహం తిప్పేసుకున్నాడు.

తిప్పుకున్న వైపు కల్లం. మండపేటలో గున్నేశ్వరరావుగారి రైసుమిల్లులో ఉడికించిన ధాన్యం ఎండబోసే సిమెంటు కల్లం అది, ఏళ్ళ తరబడి ధాన్యం ఒరిసి ఒరిసి అద్దంలా నునుపు తేలింది. ఆదివారం మిల్లు ఆగుతుంది, సూరమ్మ వచ్చి మూలమూలా ఊడ్చి పోతుంది, ఊక నింపిన బస్తాలు వంపుగా పేర్చితే అవే మలుపులు, పురికొస తాడు లాగి కడితే అవే అంచులు. లారీలకి బస్తాలెక్కించే ఎత్తరుగు మీద రిమోటు పట్టుకుని వరసగా నిలబడితే కల్లమంతా కాళ్ళ కింద పరిచినట్టుంటుంది. అరుగు ముందునుంచి తిన్నగా పోవాలి, కుడికి తిరగాలి, మళ్ళీ తిన్నగా, చివర ఊకగుట్ట పక్కన పడమటి మూల. అన్నిట్లోకీ దూరం అదే. అక్కడ తిరిగి వెనక్కొచ్చేస్తే ఒక చుట్టు. ఎవరో కారు వదిలారు, కందిరీగ గాజుసీసాలో పడ్డట్టు ఝుమ్మంటూ పోయింది, అది తనతో పోటీపడే యెహెజ్కేలుది, కొత్త మోటారు వేసినట్టున్నాడు, గొంతు పల్చగా ఉంది. పోయిన చప్పుడు పోయిన చోటల్లా వినబడుతూనే ఉంది. కారు మాత్రం సగం దారిలోనే వెలుతుర్లో కరిగిపోయింది.

ఎనభై మూడులో గున్నేశ్వరరావుగారు బియ్యం వ్యాపారం పనిమీద సింగపూరు వెళ్ళి, అక్కడెవరో ఖాళీ స్థలంలో ఈ కార్లు పరిగెత్తిస్తుంటే చూసి, మతి పోగొట్టుకుని, వస్తూ వస్తూ పెట్టెనిండా తెచ్చుకున్నారు. మూర కన్నా కాస్త చిన్న కారు, నిజం కారుకి ఉన్నట్టే చక్రాలూ, స్ప్రింగులూ, పైన రోడ్డుమీద తిరిగే కారులాంటి పల్చటి ప్లాస్టిక్ బాడీ. వెంకటరత్నం ఆ రోజు మిల్లుకి వచ్చింది పండక్కి కూలీలకి బట్టలు ఎన్ని కావాలో కనుక్కుపోదామని. కల్లంలో ఎర్రకారు ఒకటి తనంతట తాను పరిగెత్తుకొచ్చి కాళ్ళ దగ్గర ఆగింది. మనిషి అంతే, బట్టల సంగతి మర్చిపోయాడు. అరవై దగ్గరపడుతున్న మనిషి, మెయిన్‌రోడ్డులో మూడు గుమ్మాల చీరల కొట్టున్న మనిషి, పెనుగొండ అమ్మవారి గుడికి ఏటా తన చేత్తో చీర తీసుకెళ్ళి సమర్పించే మనిషి, బొమ్మకారు సంచీలో పెట్టుకుని ఇంటికొచ్చాడని రాజరాజేశ్వరి రెండురోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడోరోజు అన్నం వడ్డిస్తూ, దానికి హారను లేదా అని అడిగింది. లేదన్నాడు. మరి అడ్డంగా ఎవరైనా వస్తేనో అంది. ఆ తర్వాత ఆవిడ దాని గురించి మంచీ చెడ్డా అనలేదు. కొడుకు నాగేశ్వరప్రసాద్ మాత్రం ఆదివారాలు తండ్రి సంచీ పట్టుకుని బయల్దేరుతుంటే తల వంచుకుని పద్దులు చూసుకుంటాడు, నవ్వుతున్నాడో సిగ్గుపడుతున్నాడో తెలియదు. ఈమధ్యయితే అసలు తెలియదు, గది అవతల నుంచి ఎవరి మొహంలోనూ ఏమీ తెలియడం లేదు.

అది ఎప్పుడు మొదలైందో అతనే చెప్పలేడు. కళ్ళజోడు మసగ్గా ఉందని పంచె కొంగుతో తుడిచేవాడు, తుడిచి తుడిచి అద్దం గీతలు పడింది గాని మసక పోలేదు. కొట్లో సాయంకాలం లైట్లు వేస్తే ఒక్కో లైటూ పది లైట్లయ్యేది. నెమలికంఠం రంగు చీర అడిగిన మనిషికి నల్లచీర పరిచి, ఇంతకన్నా మంచి నెమలికంఠం గోదావరి జిల్లాల్లోనే లేదని చెప్పాడు. ఆవిడ బిత్తరపోయి చూస్తుంటే పక్కనుంచి మీనాకుమారి, మావయ్యగారు జరీ సంగతి చెబుతున్నారండి, మీరడిగిన రంగు ఇదుగోండి అంటూ ఇంకో మడత విప్పింది. కోడలు ఎంత చురుకో అనుకున్నాడు. ఆ చురుకుతనం వెనకున్నది ఏంటని ఆలోచించలేదు. నేత చేతికి తెలుస్తుంది, వేళ్ళ మధ్య నలిపితే ఏ ఊరి మగ్గమో చెప్పగలడు, రంగొక్కటే చేతికి తెలియదు. అప్పట్నించీ బేరం మొదట్లోనే, ఆ రంగేంటో చెప్పమ్మా అని కొనేవాళ్ళ చేతనే చెప్పించడం అలవాటు చేసుకున్నాడు, అదేదో మర్యాదలాగా. ఎన్నాళ్ళు గడుస్తుంది. కనబడటం లేదంటే మర్నాటినుంచి కొట్లో దిండుకానుకుని తను కూర్చునే చోట ప్రసాద్ కూర్చుంటాడు. మీరు ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోండి నాన్నా అంటాడు, ప్రేమగానే అంటాడు, ఆ ప్రేమకి ఎదురుచెప్పడానికి ఏమీ ఉండదు.

పైగా కళ్ళ ఆపరేషను. నాన్న జోగేశ్వరరావుకి చేశారు. ఊరూరూ తిరిగే కళ్ళ శిబిరమొకటి సత్రంలో దిగితే, తనే చెయ్యి పట్టుకుని నడిపించి తీసుకెళ్ళాడు, అప్పుడు తనకి కొత్తగా పెళ్ళయింది. తల అటూ ఇటూ కదలకుండా రెండు ఇసకమూటలు చెవుల పక్కన పెట్టి వారం రోజులు వెల్లకిలా పడుకోబెట్టారు. దగ్గకూడదు, తుమ్మకూడదు, నవ్వకూడదన్నారు. నాన్న దేనికీ నవ్వే మనిషి కాడు, అయినా ఆ వారం ఎవరో ఏదో అంటే పెదాలు బిగబట్టుకునేవాడు. కట్టు విప్పినరోజు పట్టపగలు, కిటికీలోంచి ఎండ తిన్నగా మంచం మీద పడుతోంది. దీపం వెలిగించండ్రా అన్నాడు నాన్న. ఎవరూ కదల్లేదు. మళ్ళీ అన్నాడు, కాస్త విసుగ్గా, చీకట్లో కూర్చోబెట్టి కట్టు విప్పుతారా ఎవరైనా అని. ఆ గదిలో ఆ ఎండ ఎంత పచ్చగా ఉందో వెంకటరత్నానికి ఇప్పటికీ తెలుసు. చూపు మసకబారుతున్నకొద్దీ ఆ ఎండ ఇంకా స్పష్టమవుతోంది.

బ్యాటరీ మీద చెయ్యి వేశాడు. గోరువెచ్చన కూడా కాలేదు. పక్కన గోనెపట్టా మీద బాసింపట్టు వేసుక్కూర్చుని మీనాకుమారి మోటారు విప్పి పెట్టుకుంది, గాజులు పైకి తోసేసుకుంది, చిన్న బొగ్గుముక్కల్లాంటి బ్రష్షులు గుడ్డతో తుడుస్తోంది. సామర్లకోట స్టేషను ఎదురుగా వాచీల షాపు వాళ్ళది. తండ్రి పక్కన కూర్చుని కంటికి భూతద్దం బిగించుకుని ఇసకరేణువంత మరలు బిగిస్తూ పెరిగిన పిల్ల. పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు ఫలహారం పళ్ళెం ఇస్తూ ఇతని మణికట్టు వైపు చూసి, మీ వాచీ వెనక నడుస్తోందండి అంది. పెళ్ళికొడుకుని చూడాల్సిన పిల్ల మావగారి వాచీ చూడటమేంటని రాజరాజేశ్వరి ఇంటికొచ్చేదాకా గొణిగింది. వెంకటరత్నం వాచీ విప్పి రేడియో వార్తలతో సరిపెట్టుకుని చూశాడు, నిజమే, వెనక నడుస్తోంది, ఎన్నాళ్ళనించో తను ప్రతిదానికీ ఆలస్యంగా వెళ్తున్నాడన్నమాట. ఆ సంబంధమే ఖాయం చెయ్యమన్నాడు. కాపరానికొచ్చిన కొత్తలో ఒకరోజు కారు మర ఒకటి జారి మంచం కింద పడితే అతను మోకాళ్ళమీద పాకుతూ తడుముతున్నాడు, గుమ్మంలోంచి వచ్చి ఒక్క చూపుకే ఏరి ఇచ్చింది. ఇచ్చి వెళ్ళలేదు. ఈ చక్రం ఇంత వదులుగా ఉంటే తిన్నగా ఎలా పోతుందండీ అని అక్కడే కూర్చుంది. తర్వాత ఆదివారం సంచీ, ఫ్లాస్కూ పట్టుకుని వెనకాల వచ్చింది. మిల్లులో అంతమంది మగవాళ్ళ మధ్యకి ఎందుకని ప్రసాద్ అడగబోయాడు. మావగారి వెనక వెళ్ళేదానికి నీకేంట్రా అని తల్లి కోప్పడింది. ఆవిడ అలా అంటుందని ఎవరూ అనుకోలేదు.

కారంటే పైకి కనబడే బాడీ కాదు, కింద సర్దుబాటంతా ఉందని వెంకటరత్నానికి తెలియడానికి ఏడాది పట్టింది. ముందుచక్రాలు రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టు ఇసుమంత లోపలికి తిరిగి ఉండాలి, ఎక్కువైతే తిన్నదారిలో బద్ధకిస్తుంది, తక్కువైతే బెదురుతుంది. కడుపు నేలకి ఎంత ఎత్తులో ఉండాలో చీరపెట్టె అట్ట మడిచి కింద దూర్చి కొలుస్తాడు, అట్ట తాకీతాకనట్టు జారాలి. కల్లమ్మీద ఎంత ఊడ్చినా తవుడు పొడి ఉండనే ఉంటుంది, దానిమీద రబ్బరు జారుతుంది, టైర్లు పెట్రోలు గుడ్డతో తుడిచి మెత్తబరచాలి. స్ప్రింగులు సింగపూరువి గట్టివి, ఊళ్ళో బాల్‌పెన్ను స్ప్రింగులు కత్తిరించి వేస్తే మలుపులో కారు పిల్లిలా ఒదిగింది. ఇవన్నీ బాగా కుదిరాయి పోయినేడు. ఈ ఏడే ఏదో తేడా వచ్చింది. పడమటి మూలకొచ్చేసరికి కారు మాట వినదు, బస్తాలకి కొట్టుకుంటుంది, కొట్టుకోకపోతే ముందే మందగించి వెనకవాళ్ళకి దారి ఇచ్చేస్తుంది. ఆ మూల కోసం వెంకటరత్నం కారుకి చెయ్యని చికిత్స లేదు. ముందు టైర్లు మార్పించాడు. వెనక స్ప్రింగు బిగువు చేయించాడు, మరుసటి వారం వదులు చేయించాడు. బరువు సరిపోలేదని ముక్కు దగ్గర సీసం ముక్క అంటించమన్నాడు, తర్వాత పీకెయ్యమన్నాడు. పళ్ళచక్రం మార్పించాడు. చెప్పినదల్లా మీనాకుమారి చేసింది, ఒక్కసారీ ఎందుకని అడగలేదు. కిందటి ఆదివారం ముందుచక్రాలు బయటివైపు తిప్పమన్నప్పుడు మాత్రం మర తిప్పుతూ తిప్పుతూ ఆగి, ఊపిరి వదిలి, సరేనండి అంది. ఇప్పుడు, బ్యాటరీ మీద చెయ్యి ఆనించి, ఆ ఊపిరి మళ్ళీ వినబడింది అతనికి. కారులో లోపం ఉంటే ఆ పిల్ల ఊరుకుంటుందా. వాచీ వెనక నడుస్తుంటే పెళ్ళిచూపుల్లోనే చెప్పేసిన పిల్ల.

ఆ ఆలోచన పూర్తిగా రాకముందే పక్కకి తోసేసి, బాడీ సరిగ్గా కూర్చుంటుందో లేదో చూద్దామని తీసుకుని కారుమీద పెట్టాడు. నాలుగు మూలలా సన్నటి పుల్లలు పైకి వస్తాయి, పుల్లకో చిల్లు, చిల్లులో పిన్ను దూర్చాలి. వేలితో తడిమి చిల్లు పట్టుకుని పిన్ను తెచ్చేసరికి చిల్లు జారిపోతోంది. మళ్ళీ. మళ్ళీ. పక్కన గుడ్డ చప్పుడు ఆగింది. పట్టించుకోనట్టు మీనాకుమారి మొహం అటు తిప్పి, యెహెజ్కేలుగారు కొత్త మోటారు వేశారు చూశారా అంటూ ఏదో మాట్లాడుతోంది, అలా మాట్లాడుతూనే ఆమె చెయ్యి వచ్చి బాడీని కొంచెం నొక్కి పట్టుకుంది, పుల్ల పైకి తేలింది, పిన్ను దిగింది. చెయ్యి వెళ్ళిపోయింది. మాట ఆగలేదు. అది ఎంత అలవాటుగా జరిగిందంటే, ఇలాంటివి ఎన్ని జరిగి ఉంటాయో అని అతను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. బాడీ మొన్నటిదాకా బూడిదరంగు కదా. సంక్రాంతి వెళ్ళాక పసుపురంగు వేసింది, నిమ్మపండంత పసుపు, శుభంగా ఉంటుంది మావయ్యగారూ అని. రిమోటు మీద సరిచేసుకునే మరకి ఎర్రదారం చుట్టింది, చేతికి తగలాలని, జారకుండా ఉంటుంది లెండి అంది. అరుగుమీద నిలబడ్డప్పుడు ఎప్పుడూ ఎడంపక్కనే ఉంటుంది, భుజం దగ్గరగా. ఆ దగ్గు. దేవుడా, ఆ దగ్గు.

కొన్ని వారాలుగా మీనాకుమారికి దగ్గు వస్తోంది. పొడిదగ్గు, ఖళ్ళున ఒక్కసారి. తవుడు పొడి పడటం లేదేమో అనుకున్నాడు, పాపం నావెంట ఈ దుమ్ములోకి వస్తోంది అనుకున్నాడు, ఇంటికెళ్ళి రాజరాజేశ్వరితో చెప్పాడు. ఆవిడ శొంఠీ మిరియాలూ తులసీ దంచి కషాయం కాచి రోజూ సాయంకాలం గ్లాసుడు ఇచ్చింది, దగ్గరుండి తాగించింది. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని తాగేది. అయినా ఆదివారం మళ్ళీ దగ్గేది. సోమవారం దగ్గలేదు. మంగళవారం దగ్గలేదు. వారం మొత్తంలో, ఇంట్లో గాని కొట్లో గాని, ఆ పిల్ల దగ్గటం తను విన్నాడా. అరుగు మీదనే దగ్గేది. అరుగు మీద కూడా ఎప్పుడంటే అప్పుడు కాదు. కారు అరుగు ముందునుంచి పోయి, కుడికి తిరిగి, తిన్నగా పోయి, వెలుతుర్లో కరిగిపోయి, ఇంక ఎక్కడుందో తెలియక తను మోటారు చప్పుడు పట్టుకుని వేలాడుతున్న సమయానికి, ఖళ్ళున. ఆ చప్పుడుకి ఉలిక్కిపడ్డట్టు తన వేలు రిమోటు చక్రాన్ని తిప్పేది. తిప్పినప్పుడల్లా కారు తిరిగేది. తన వేళ్ళే తెలివి నేర్చుకున్నాయనుకున్నాడు, చూపు లేకపోయినా వేళ్ళకి జ్ఞానం వచ్చిందని గర్వపడ్డాడు కూడా. కిందటి వారం ఎవరో పలకరిస్తే మీనాకుమారి అటు తిరిగింది, ఆ చుట్టులో దగ్గు రాలేదు, కారు బస్తాలకి కొట్టుకుంది. వెంటనే ముందుచక్రాలు తిప్పమన్నాడు తను. ఆ పిల్ల ఊపిరి వదిలింది.

ఎండ అరుగెక్కి పాదాల మీదకొచ్చింది. ఊకగుట్ట వైపునుంచి, ఆదివారమైనా పోని ఉప్పుడు బియ్యం వాసన. సిగ్గుపడాలా, కోప్పడాలా అని వెతుక్కున్నాడు లోపల. రెండూ దొరకలేదు. గ్లాసులు గ్లాసులు కషాయం, నోరెత్తకుండా. నవ్వొచ్చింది. బ్యాటరీ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది, వెచ్చగా, సమంగా, నిండుగా. తీగలు విప్పేశాడు.

"అమ్మాయ్," అన్నాడు. "దగ్గు తగ్గిందా?"

గుడ్డ మీద ఆడుతున్న చెయ్యి ఆగింది. "తగ్గిందండి," అంది.

"కషాయం బాగా ఘాటుగా ఉండేదా?"

"కడుపులో మంట పుట్టేదండి."

"మరి వద్దని చెప్పలేకపోయావా?"

"వద్దంటే అత్తయ్యగారు డాక్టరుకి చూపిస్తానన్నారండి. దగ్గు లేదని తెలిసిపోదూ?" అని, మొహం ఎత్తకుండానే మెల్లిగా చెప్పింది. "పడమటి మూల రాకముందే మీ మోటారు భయపడుతున్నట్టు తగ్గిపోయేదండి. మీకంత భయమెప్పుడూ లేదు కదా అనుకున్నాను. ఆ తర్వాత కొట్లో మీరు పరిచిన చీరల రంగులు చూశాను. చెబితే మీరు రావడం మానేస్తారని చెప్పలేదు."

మానేసేవాడు, నిజమే. కారు పెట్టెలో పెట్టి అటకెక్కించి, మోకాళ్ళ నొప్పులని చెప్పి, ఎండలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆ పిల్ల తనని ఆ కుర్చీలోంచి దగ్గి దగ్గి లేపుతోందన్నమాట ఇన్నాళ్ళూ. మోటారు బిగించి, బ్యాటరీ లోపల పెట్టి, బాడీ వేసి ఆమె కారు అతని ముందు పెట్టింది. అతను రిమోటు తీసుకున్నాడు. బరువుగా ఉంది, ఎర్రదారం వేలికి తగిలింది. ఇంటి వెనక డాబా మీద సాయంకాలాలు, చేసిన మరమ్మతు సరిగా ఉందో లేదో చూడటానికి ఆ పిల్ల దీన్ని తిప్పుతుంది, పిట్టగోడకి చెయ్యి పట్టనంత దగ్గరగా పోనిస్తుంది, చప్పుడు వింటే తెలుస్తుంది ఎంత నిబ్బరంగా నడుపుతుందో. అరుగుమీద అందరి ముందూ ఎప్పుడూ పట్టుకోలేదు. తను ఎప్పుడూ ఇవ్వలేదు.

"ఈవేళ నువ్వు నడుపు," అన్నాడు.

"మరి మీరో?"

"నేను దగ్గుతాన్లే."

ఆమె నవ్వలేదు. చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత లేచి, కొంగు బిగించి నడుముకి చుట్టుకుని, రెండు చేతులా రిమోటు అందుకుంది.

అరుగుమీద వరసలో కోడలు నిలబడటం చూసి మాటలు ఆగిపోవడం వెంకటరత్నానికి వినబడింది. మాటలు ఆగితే ఎంత చప్పుడవుతుందో. గున్నేశ్వరరావుగారు ఏదో అనబోతున్నట్టు గొంతు సవరించుకున్నారు. నా కారండి, నా కోడలండి అన్నాడు వెంకటరత్నం, బేరం ఖాయం చేసేటప్పటి గొంతుతో. ఆయన ఇంకేం అనలేదు, మరి కానివ్వండి అని ఈల నోట్లో పెట్టుకున్నారు. ఈల మోగింది. ఐదు కార్లు ఒక్కసారి ఝుమ్మన్నాయి, ఐదు గొంతులు పురిపెట్టిన దారంలా ఒకదాన్నొకటి చుట్టుకుని పోయాయి, అందులోంచి తనది ఏరుకోవడానికి అతనికి రెప్పపాటు పట్టింది. అదుగో, కాస్త బొంగురు, పసుప్పచ్చ కారు. కుడికి తిరిగింది. తిన్నగా పోతోంది. పోతోంది, పోతోంది, మరీ వేగంగా పోతోంది. ధభీమని బస్తా చప్పుడు. అతని చెయ్యి ఎవరి భుజమో పట్టుకుంది, చూస్తే అది ఆమె భుజమే, వెంటనే వదిలేశాడు. ఒక గొంతు పోయింది, ఇంకోటి పోయింది, ఇంకోటి, అందరూ దాటేశారు. వెనక్కి తీసింది. కదిలింది. మళ్ళీ బొంగురు గొంతు, ఈసారి తొందర లేకుండా, ఊపిరి కూడదీసుకుని. రెండో చుట్టులో పడమటి మూల దగ్గర మోటారు ఒక్క క్షణం తగ్గి, మళ్ళీ లేచింది, లేచేటప్పుడు గొంతులో వణుకు లేదు. అలా లేచినందుకు వెంకటరత్నం ఒళ్ళంతా తేలికైంది. ఆ మూల ఎలా ఉంటుందో అతనికి చూడక్కర్లేకపోయింది. వచ్చింది, పోయింది, వచ్చింది. ఒకర్ని దాటింది. ఇంకొకర్ని దాటింది, ఆ రెండోది అరుగు ముందే దాటడంతో ఆ పసుపు మెరుపు అతనికి నిజంగానే కనబడింది.

"మావయ్యగారూ, వెనకెవరు?" అంది, కళ్ళు కల్లమ్మీంచి తియ్యకుండా.

అతను తల వంచి విన్నాడు. పల్చటి గొంతు. "యెహెజ్కేలు. ఒక చుట్టు నీకన్నా ముందున్నాడు, నీతో పోటీ లేదు. లోపలివైపు దారి ఇచ్చెయ్. ఇప్పుడు. ఆఁ, ఇంక నీ దారిన నువ్వు పో."

కల్లం మీంచి లేచిన తవుడు పొడికి గొంతులో నిజంగానే దగ్గు పట్టింది. పెదాలు బిగబట్టి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే మింగేశాడు. ఇక్కడ తను దగ్గితే ఆ పిల్ల పడమటి మూలనుకుని చక్రం తిప్పేసినా తిప్పేస్తుంది. నాన్న వారం రోజులు ఇలాగే బిగబట్టాడు. అదే గదిలో ఉన్న తనకి అప్పుడు పాతికేళ్ళు కూడా లేవు, భయంతో చెయ్యి పట్టుకోవడం కూడా తెలియలేదు, దూరంగా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఎవరైనా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని ఉంటే ఆయనకి ఆ వారం కొంచెం పొట్టిగా అనిపించేదేమో. ఈల మోగింది. మోటార్లు ఒక్కొక్కటీ నోళ్ళు మూసుకున్నాయి. మూడోది, అంటున్నారెవరో, వెంకటరత్నంగారి కోడలు మూడోది.

మీనాకుమారి అరుగు దిగి కల్లంలోకి పరిగెత్తి కారు తెచ్చుకుంది. గోనెపట్టా మీద కూర్చుని అప్పుడే మోటారు విప్పుతోంది, వేడికి వేళ్ళు కాలుతుంటే చెవి తమ్మెలు పట్టుకుంటోంది. యెహెజ్కేలు వచ్చాడు, సామర్లకోట చక్కెర ఫ్యాక్టరీలో కరెంటు పని చూసే మనిషి, పొడుగ్గా ఉంటాడు కాబట్టి నీడని బట్టి గుర్తుపట్టాడు వెంకటరత్నం. గెలిచినవాడు అతనే. గున్నేశ్వరరావుగారూ వచ్చారు. అమ్మాయి మొదటి చుట్టులో కొట్టుకోకపోయి ఉంటే రెండో స్థానం ఖాయమండి అన్నారు, ఇన్నాళ్ళూ మీరెందుకండి శ్రమపడ్డారు అని హాస్యమాడారు. వెంకటరత్నమూ నవ్వాడు. నవ్వు ఇంకా మొహమ్మీద ఉండగానే, ధర చెప్పినంత మామూలుగా, నోటిలోంచి వచ్చేసింది.

"నాకు కళ్ళు కనబడటం లేదండి."

గోనెపట్టా మీద మర తిప్పుతున్న చప్పుడు ఆగింది. చెప్పేశాక ఆకాశమేమీ విరిగిపడలేదు, పిచ్చుకలు గింజలేరుకుంటూనే ఉన్నాయి. యెహెజ్కేలు ఖాళీ డబ్బా ఒకటి బోర్లించుకుని ఎదురుగా కూర్చున్నాడు. వాళ్ళమ్మకి పోయినేడు కాకినాడలో కళ్ళ ఆపరేషను చేయించానని చెప్పాడు. ఇసకమూటలు పెడతారా అని వెంకటరత్నం అడిగాడు. ఇప్పుడవేం లేవండి, మర్నాడే లేపి కూర్చోబెట్టారు, నవ్వొద్దని కూడా ఎవరూ అనలేదు అన్నాడతను. సీసా అడుగులంత మందం కళ్ళజోడు ఇచ్చారనీ, అది పెట్టుకుని ఇప్పుడు బియ్యంలో రాళ్ళు తనే ఏరుకుంటోందనీ, కోడలు ఏరినవి బాగాలేవని పేచీ పెడుతోందనీ చెప్పాడు. వెంకటరత్నం ఒకటి తర్వాత ఒకటి అడుగుతూనే ఉన్నాడు, నొప్పి ఉంటుందా, రెండు కళ్ళూ ఒకేసారా, పక్కన మనిషిని ఉండనిస్తారా. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నలు ఎవర్నీ అడగలేదు, అడిగితే జవాబులుంటాయని తోచలేదు. పక్కన మనిషిని ఉండనిస్తారండి, రాత్రంతా నేనే ఉన్నాను అన్నాడు యెహెజ్కేలు.

వాళ్ళు లేచి వెళ్ళాక మీనాకుమారి మోటారు పక్కన పెట్టి, నల్లబడ్డ వేళ్ళు గుడ్డకి తుడుచుకుంది.

"నేనుంటానండి పక్కన," అంది. "ఎప్పుడు వెళ్దాం మావయ్యగారూ?"

వెంకటరత్నం కారు ఒళ్ళోకి తీసుకున్నాడు. ముందుచక్రాలు వేళ్ళతో తడిమి చూశాడు. కిందటి వారం తను బయటికి తిప్పించినవి ఎప్పుడు సరిచేసిందో ఏమో, రెండూ ఇసుమంత లోపలికి తిరిగి, ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి.

"ఎప్పుడైనా సరేనమ్మా," అన్నాడు. "ఆదివారం మాత్రం వద్దు. ఆదివారం నీకు రేసుంటుంది."